లేని దారి

సోమవారం, ఉదయం 9.10
మా అంబులెన్సులకు కొత్త మ్యాపు ఎంచే పని నాకిచ్చారు. పోటీలో మూడు కంపెనీలు. శపథం: ఎలాంటి సమాచారం కావాలో డ్రైవర్లచేత రాయించుకోకుండా దేన్నీ ఖాయం చేయను. పదిహేడు ప్రశ్నల ఫారం తయారు చేశాను. ఎంత తాజాగా ఉండాలి, ఎంత కచ్చితంగా ఉండాలి... ఎంత ముద్దొస్తోందో!

సాయంత్రం 7.00
ఫారం మా ఆయనకు చూపించాను. మూడో ప్రశ్నకే ఆవలించారు. ఆయన డ్రైవరు కాదు కదా.

మంగళవారం, మధ్యాహ్నం 1.00
పన్నెండు ఫారాలూ తిరిగొచ్చాయి. కచ్చితత్వం: అందరూ నూటికి నూరు. తాజాదనం: 'ఇప్పుడే'. అందరికంటే పెద్ద డ్రైవరు, మేం బాబాయి అని పిలిచే ఆయన, ప్రతి గడిలోనూ 'మంచిది' అని రాసి సంతకం పెట్టారు.
తప్పు ప్రశ్నలదే. తొమ్మిదికి కుదించాను.

బుధవారం, సాయంత్రం 4.30
తొమ్మిది ప్రశ్నలూ నాలుగయ్యాయి. నన్ను చూడగానే డ్రైవర్లు బండి తుడవడం మొదలుపెడుతున్నారు. మేనేజరు అయిదింటికల్లా కంపెనీ పేరు చెప్పమన్నారు. రెండో కంపెనీ కాగితంలో 'తొంభై ఎనిమిది శాతం కచ్చితం' అని ఉంది. పైగా రోడ్లన్నీ చక్కటి నీలం రంగు. దాన్నే ఖాయం చేశాను. శపథం తప్పలేదు, వాయిదా పడిందంతే.

గురువారం, మధ్యాహ్నం 2.15
పొద్దున బాబాయి బండిలో కొత్త మ్యాపు పెట్టారు. పనితీరు చూద్దామని నేనూ ఎక్కాను. పదకొండింటికి పిలుపు: నిండు గర్భిణి, నొప్పులు. ఆమెను ఎక్కించుకొని మ్యాపు చూపిన దగ్గరిదారి పట్టాం. చివర గోడ. బండి తిప్పే చోటు లేదు. బాబాయి బండిని అర కిలోమీటరు వెనక్కే నడిపారు. ఆస్పత్రి గేటు దగ్గర, మాతో వచ్చిన నర్సు చేతుల్లో, పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం! అందరం ఏడుస్తూనే నవ్వాం.
నేనేమీ అడగలేదు. బాబాయే అన్నారు: "ఉన్న దారి మ్యాపులో లేకపోయినా పర్లేదమ్మా, ఎవర్నో ఒకర్ని అడిగి పోతాను. లేని దారి ఉందని మాత్రం చెప్పకూడదు."
నా ఫారంలో ఆ ప్రశ్నే లేదు.

సాయంత్రం 4.00
రంగు చూసి ఎంచానని మేనేజరుతో ఒప్పేసుకున్నాను. ఆయన ఇంకో వారం గడువిచ్చారు.

శుక్రవారం, ఉదయం 9.05
మళ్లీ మొదలు. ఫారాలు బంద్. రోజుకొక డ్రైవరు పక్కన కూర్చుంటాను. ఒకే ప్రశ్న: మ్యాపు మిమ్మల్ని ఎక్కడెక్కడ ముంచింది?

10.40
మొదటి డ్రైవరు గంటన్నరగా ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. నోటుబుక్కు నిండిపోయింది. అరచేతిమీద రాసుకుంటున్నాను.