వంకర నా చేతిలో లేదు

ఏమే, నేను బాగానే ఉన్నాను. నా చెయ్యి వంకర, అందుకే బ్రేకు వేస్తే కారు పక్కకి పోతోందని, కట్టుకున్నదానివై ఉండి చుట్టాల ముందు ఏళ్లుగా ఆడిపోసుకున్నావు. చివరికి నా బండి ఎక్కడమే మానేశావు. నిన్న మెకానిక్కు కుడి చక్రం దగ్గర జానెడు రబ్బరు బ్రేకు గొట్టం విప్పాడు. పైకి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. లోపలేమో వాచి పూడుకుపోయింది. ఈ చివర నూనె పోస్తే ఆ చివర చుక్క రాలేదు. మరి ఆ చక్రం ఎలా ఆగుతుంది? కొత్తది బిగించి, రోడ్డెక్కాక "గట్టిగా తొక్కండి పెద్దాయనా" అన్నాడు. అంత బండీ గీత గీసినట్టు తిన్నగా ఆగింది. ఆ చక్రానికి చేరే నా కాలి బలమంతా ఆ జానెడు గొట్టంలోంచే పోతుందటే! సూదిదారం ఎక్కడ పెట్టావు? చొక్కా గుండీ ఊడింది. అక్కడ పెద్దమ్మాయికీ పిల్లలకీ నా దీవెనలు. ఆదివారం నీకోసం కారులోనే వస్తాను. ఎక్కుతావో లేదో శుక్రవారంలోగా రాయి.