బుడ్డదాని కోసం కొత్త స్పీకర్లు

ఆగస్టు 5, సోమవారం

బుడ్డదాన్ని స్కూల్లో దింపే ఉద్యోగం నాకొచ్చి నెల దాటింది. అమ్మాయి వాళ్లు మా పైవాటాలోకి దిగారు, అమ్మాయికి ఉదయం డ్యూటీ పడింది, డ్రైవరు పోస్టు నాకు దక్కింది. రిటైరయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్తున్నాను.

బుడ్డది ఒకటో క్లాసు. ఇంట్లో దాని నోటికి తాళం ఉండదు. వంటింట్లో వాళ్ల అమ్మమ్మ కొంగు పట్టుకుని తిరుగుతూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది. అదే పిల్ల నా కారెక్కితే మౌనవ్రతం. ఒళ్లో కుందేలు బొమ్మని పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటుంది. అద్దంలోంచి చూస్తే పెదాలు కదులుతుంటాయి. బొమ్మతో ఏదో గొణుక్కుంటోందన్నమాట. బొమ్మతో మాటలున్నాయి, తాతతో లేవు. చిన్నపిల్ల మీద ఎవరైనా అలుగుతారా? నేను అలిగాను.

కారుతో వచ్చిన స్పీకర్లు కూడా పరమ దరిద్రం. ఎవరో దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంటుంది. తాళం తెలుస్తుంది, మాటలు తెలియవు. ఇలాంటి కార్లో ఏ పిల్లకి హుషారొస్తుంది? మంచి పాటలు మోగితే అదే దారికొస్తుంది. స్పీకర్లు మార్చాలి.

ఆగస్టు 6

మా ఆవిడతో చెప్పాను. ఈ వయసులో మీకిదేం సరదా అంది. ముందు టీవీ సౌండు తగ్గించమంది. మన సీరియల్ కథ పక్కింటి వాళ్లకి కూడా తెలిసిపోతోందట. ఇప్పటి టీవీల్లో దమ్ము లేదు, పెంచక ఏం చేస్తాం.

నా చెవుల సంగతి ఆవిడకేం తెలుసు. బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో ఫిట్టరుగా పనిచేశాను. ఉద్యోగమంతా చెవులతోనే చేశాను. వరసలో అలా నడుచుకుంటూ వెళ్లి ఏ మగ్గంలో బేరింగ్ పోబోతోందో చెప్పేవాణ్ణి. పాముచెవులాయన అని పేరు.

ఆగస్టు 7

ఇవాళ కూడా బొమ్మతోనే.

ఆగస్టు 9, శుక్రవారం

బుడ్డదాన్ని దింపి అటునుంచి అటే సౌండ్ షాపుకి వెళ్లాను. షాపాయన నా కారులో కూర్చుని ఒక పాట విని, పాపం అన్నాడు. కారునో నన్నో తెలియలేదు. డోర్లలో ఉన్నవి కాగితం స్పీకర్లట, తడికి ముడుచుకుపోయాయట. ముందు డోర్లకి కొత్తవి, అద్దాల పక్కన సన్న శబ్దాల కోసం ట్వీటర్లు, సీటు కింద ఆంప్లిఫయర్, ఇవి చాలన్నాడు. వెనక డోర్లు వదిలేద్దామన్నాడు, అక్కడ ఎవరు వింటారని.

అసలు వినాల్సిన మనిషి కూర్చునేదే అక్కడ అన్నాను. నవ్వి, వెనకవి కూడా రాసుకున్నాడు.

ఆగస్టు 10, శనివారం. మధ్యాహ్నం

చాలా కాలానికి చేతులకి మసి అంటింది. షాపాయన వద్దంటున్నా వినకుండా ఒక డోరు నేనే విప్పాను. ప్యానెల్ క్లిప్పుల్లో ఒకటి విరిగింది. అది ముందే విరిగి ఉందని చెప్పాను. ఆయన నమ్మినట్టు నటించాడు, పెద్దమనిషి.

లోపల వట్టి రేకు. దాని మీద నల్లటి జిగురు షీటు వేసి రోలరుతో అదిమితే వణుకు పోతుందట. అదిమాను. చెమటలు పట్టాయి. తర్వాత డోరు వేస్తే శబ్దమే మారిపోయింది, ఇదివరకు డబ్బా మూత పడినట్టుండేది, ఇప్పుడు బీరువా వేసినట్టు దబ్బుమంది. ఊరికే నాలుగుసార్లు తీసి వేశాను. షాపాయన టీ తెప్పించాడు. ఇద్దరం కారు చుట్టూ తిరుగుతూ తాగాం. ఎంత హాయిగా ఉందో.

అదే రోజు, సాయంత్రం

ట్యూనింగ్ కోసం వెళ్తూ బుడ్డదాన్ని కూడా తీసుకెళ్లాను. తన కోసమే కదా.

షాపాయన ల్యాప్‌టాప్ తగిలించి, లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా ఒక మోత వస్తుంది, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పమన్నాడు. మొదట గుమ్ముమని వచ్చింది. సీటు అదిరింది. భలే అనుకున్నాను. అలా పైకి పైకి పోయి ఆగిపోయింది. నేను చూస్తున్నాను. ఆయన మొహం చిట్లించుకుని కూర్చున్నాడు. వెనక బుడ్డది రెండు చేతులతో చెవులు మూసుకుంది. మిగతాది ఎప్పుడు పెడతావయ్యా అని అడిగాను. పెట్టే ఉందన్నాడు.

ట్వీటర్ పాడైందన్నాను. మార్చాడు. మళ్లీ అంతే. వైరు చూడమన్నాను. చూశాడు. చివరికి ఆ సన్న శబ్దాలు బాగా పెంచమన్నాను. పెంచాడు, కానీ ఇంట్లో వాళ్లని కూడా ఒకసారి వినమనండి అని నెమ్మదిగా అన్నాడు. మాటలు ఇప్పుడు కాస్త తెలుస్తున్నాయి. ఇన్ని తిప్పలు పడ్డాక ఆ మాత్రం తెలియవూ.

బుడ్డది అప్పటికే దిగిపోయి షాపు మెట్ల మీద కూర్చుంది.

ఆగస్టు 12, సోమవారం

పాటలు పెట్టాను. గట్టిగానే పెట్టాను. మాట్లాడలేదు.

ఆగస్టు 14

ఇవాళ బొమ్మతో కూడా మాట్లాడలేదు. పెదాలు కదల్లేదు.

ఆగస్టు 17, శనివారం

ఏదో పని ఉండి అమ్మాయి నా కారు తీసుకెళ్లింది. వస్తూనే చెవులు రుద్దుకుంటూ వచ్చింది. పాట పెడితే చెవిలో సూదులు గుచ్చినట్టుందట, ఎలా భరిస్తున్నావు నాన్నా అంది. నీకు సంగీతం తెలీదన్నాను.

అప్పుడు కూర్చుని అసలు సంగతి చెప్పింది. సోమవారం నుంచి బుడ్డది స్కూలు వ్యానులో వెళ్తుందట. అదే అడిగిందట. తాతయ్య నాతో మాట్లాడడు అందట. ఏమడిగినా పలకడట, అద్దంలో చూసి ఊరుకుంటాడట. ఇప్పుడు నా మాటలు వినాల్సి వస్తుందని పెద్దగా పాటలు కూడా పెట్టుకుంటున్నాడు అందట.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను పలకనా? అది అడిగితే కదా! నెలన్నరగా దాని నోటి నుంచి ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నది ఎవరు? పిల్ల అబద్ధాలు నేర్చిందన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మా ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి వచ్చింది. మొన్న బజారుకి వెళ్లేటప్పుడు తను కూడా కార్లో ఉందట. తాతయ్యా తాతయ్యా అని బుడ్డది మీ వీపుకేసి పిలుస్తూనే ఉంది, మీరు ఉలకలేదు పలకలేదు, డ్రైవింగ్ మీద ధ్యాస కాబోలనుకున్నాను అంది. ఇంట్లో అయితే మొహం చూస్తూ మాట్లాడతారు కాబట్టి నెట్టుకొస్తున్నారంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నడుస్తున్న మగ్గం ఉన్నపళంగా బిగుసుకుపోతే ఎలా ఉంటుందో అలా అయింది నాకు. షాపులో బుడ్డది చెవులెందుకు మూసుకుందో అప్పుడు అర్థమైంది. దాని పెదాలు కదిలింది నా కోసం. ఇన్నాళ్లూ నాతోనే మాట్లాడింది. నాకు ఏడుపొచ్చింది. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకున్నాను.

ఆగస్టు 18

టీవీ పెట్టలేదు. ఎవరూ పెట్టమనలేదు.

ఆగస్టు 19, సోమవారం

వ్యాను వచ్చింది. ఎక్కించాను. టాటా చెప్పింది, చెయ్యి కనపడింది కాబట్టి తెలిసింది. ఇస్త్రీ చొక్కా విప్పేశాను.

ఆగస్టు 21

చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమంది. గ్రాఫు చూపించింది. గీత కొంతదూరం బుద్ధిగా నడిచి, తర్వాత గోడ మీంచి దూకేసింది. లావు శబ్దాలు ఉన్నాయట, సన్నవి పోయాయట. ఏం పని చేసేవారని అడిగింది. చెప్పాను. తలూపింది. పిల్లల గొంతులు ముందుగా పోయే లెక్కలోకే వస్తాయట, అందులోనూ వెనక నుంచి, ఇంజను మోతలో. మరి మా ఆవిడ గొంతు ఎందుకు పోలేదని అడిగాను. ఆవిడ నా మోచేతి మీద గిల్లింది. డాక్టరమ్మ నవ్వింది.

రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోవాలట. పెట్టుకుంటానన్నాను. ఇంకెవరి కోసమైనా అయితే బేరమాడేవాణ్ణి.

ఆగస్టు 29, గురువారం

మిషన్లు వచ్చాయి. ఇల్లంతా గోలగోలగా ఉంది. చెంచా, కాగితం, చెప్పులు, ఫ్రిజ్జు. మా ఆవిడ గాజులు ఇంత మోగుతాయని మర్చిపోయాను. చాలాసేపు ఆవిడ పని చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఏమిటీ అంది. ఏం లేదన్నాను.

కారెక్కి పాట పెట్టి హడలిపోయాను. సూదులే! తిన్నగా సౌండ్ షాపుకి పోయి, నీ ట్వీటర్ల తప్పేం లేదయ్యా అని చెవులు చూపించాను. ఆయన ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు. ఈసారి ఆ మోత పైకి పోతుంటే నేను కూడా మొహం చిట్లించాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. మంచి స్పీకర్లు. కొన్నది నేనే కదా.

అదే రోజు, సాయంత్రం 6

పైవాటాకి వెళ్లాను. బుడ్డది నన్ను చూసి రంగుల పుస్తకంలోకి తల దూర్చింది. కింద కూర్చుని, నువ్వు మాట్లాడటం లేదనుకున్నానే, నాకు వినపడలేదు అని చెప్పాను. నాతో మాట్లాడవేమో అని బెంగ పెట్టుకున్నానని కూడా చెప్పాను.

పుస్తకం మూసి దగ్గరికొచ్చింది. చెవి లాగి మిషన్ని పరీక్ష చేసింది. నొప్పి పుడుతుందా అని అడిగింది. దీనికీ చార్జింగ్ పెట్టాలా అని అడిగింది. తర్వాత పక్క గదిలోకి పోయి, తలుపు వెనక నుంచి గుసగుసగా తాతయ్య కోతి అంది. కోతివి నువ్వే అన్నాను. తలుపు వెనక నవ్వు వినపడింది. ఆ నవ్వు అంత సన్నగా ఉంటుందని నాకు తెలీదు.

రేపు కార్లో వస్తావా అంటే ఆలోచించి చెప్తానంది. వాళ్ల అమ్మమ్మ పోలికే.

ఆగస్టు 30, శుక్రవారం

వచ్చింది.

గేటు దాటకముందే మొదలుపెట్టింది. చేపలు పడుకుంటాయా, టీచరు చెప్పు తెగితే ఒంటి కాలితో గెంతుకుంటూ వెళ్లింది, పక్క బెంచీ వాడు రబ్బరు తినేశాడు, నువ్వు చిన్నప్పుడు రబ్బరు తిన్నావా. తిన్నానని చెప్పాను. ఎంత తిన్నావంది. పాటలు ఆపేశాను. సిగ్నల్ దగ్గర కళ్లు తుడుచుకుంటుంటే, తాతయ్యా పచ్చ లైటు, పోనీయ్ అని వెనక నుంచి అరిచింది. వినపడింది. పోనిచ్చాను.

సెప్టెంబరు 6

దారిలో, కాసేపు ఊరుకోవే తల్లీ అన్నాను.

ఊరుకోలేదు.