అద్దం చూసుకోని తెయ్యం

మంగళూరులో ఉన్న నాన్నగారి పాదాలకు మొక్కి శశీంద్రన్ రాసుకుంటున్నది. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం, అమ్మ మోకాళ్ళ నొప్పులు తప్ప. మీ కంటి కట్టు విప్పేదాకా ఈ ఉత్తరం అక్కే చదివి వినిపించాలి కాబట్టి, అక్కా, మధ్యలో ఆపి తిట్టకు. చివరిదాకా చదివి తిట్టు.

ముందు మీరు అడిగినవాటికి జవాబు. కిరీటం పెట్టె అటక మీద భద్రంగా ఉంది, చెద పట్టలేదు. పైకప్పు పెంకులు మార్పించాను. పనసగింజల కూర వండినప్పుడల్లా అమ్మ, "ఆ మనిషి ఉంటే గిన్నె కడగక్కర్లేకుండా తినేవాడు" అంటోంది.

ఈ ఏడు మన కావు గుడిలో భగవతి తెయ్యం కట్టి అమ్మవారై ఆడనని ఎందుకన్నావని అడిగారు. ఒంట్లో బాగాలేదని పెద్దలతో చెప్పాను. అది అబద్ధం.

మిథున మాసంలో పట్నంలో కళోత్సవం జరిగింది. అది నడిపిస్తున్న దివాకరన్ మాస్టారు, వేదిక మీద తెయ్యం కట్టమని ఇంటికొచ్చి మరీ అడిగారు. "కళ పెరగాలంటే కావు దాటాలోయ్. దేశదేశాల వాళ్ళు వస్తున్నారు. పావుగంట చాలు" అన్నారు. మీరు ఒప్పుకోరని మీకు చెప్పలేదు. వ్రతం పట్టలేదు. కిరీటం పెట్టాక అద్దం చూసుకోలేదు. అద్దంలో చూసుకుంటేనే కదా అమ్మవారు ఒంటి మీదికి వచ్చేది. చూడకపోతే ఉత్త వేషమే, తప్పేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

జనం చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. నిజం చెబుతున్నాను, గర్వపడ్డాను. అంతలో రేవులో చేపలమ్మే చిరుతాయమ్మ వేదిక మెట్లెక్కి వచ్చి నా కాళ్ళ మీద పడింది.

"తల్లీ, నా మధు పడవెక్కి పదకొండు రోజులైంది. ఉన్నాడో లేడో చెప్పు."

"ఏదో ఒకటి అనవయ్యా, కార్యక్రమం ఆగిపోయింది" అని మాస్టారు పక్కనుంచి గొణిగారు.

అలవాటైన మాటే నోట్లోంచి వచ్చేసింది. "నా బిడ్డ ఏడుస్తుంటే చూస్తూ ఊరుకుంటానా? వస్తాడు." మళ్ళీ చప్పట్లు. ఆ మాట అమ్మవారిది కాదు నాన్నా, నాది.

వారం తిరక్కుండా శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మొలతాడు చూసి మధు భార్య గుర్తుపట్టింది. చిరుతాయమ్మ మాత్రం, "భగవతి మాటిచ్చాక ఎవడి శవానికో నేనెందుకేడవాలి" అని ఇంటి ముఖం పట్టిందట. కర్కాటక అమావాస్యకు పిండం కూడా పెట్టనివ్వలేదు. మొన్న ఆ కోడలు మన గుమ్మంలో నిలబడి, "అన్నది నువ్వేగా. వచ్చి నీ మాట వెనక్కి తీసుకో" అంది.

వెళ్ళాను. ముసలావిడ వాకిట్లో చేపలకు ఉప్పు పట్టిస్తోంది. "అమ్మా, ఆ రోజు అక్కడున్నది అమ్మవారు కాదు, నేను. నాకేమీ తెలియకుండానే అన్నాను" అని చేతులు జోడించాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "నువ్వా? నేను తల్లితో మాట్లాడాను నాయనా, నీలాంటి కుర్రకుంకతో కాదు." చేతికంటిన ఉప్పు దులుపుకుని, "కావు వాళ్ళ పిల్లాడిలా ఉన్నావు. అటు పోయినప్పుడు తల్లితో చెప్పు, వాడింకా రాలేదని. తొందరేం లేదని కూడా చెప్పు" అంది.

సిగ్గు విడిచి రాస్తున్నాను నాన్నా. చెబుతానమ్మా అని వచ్చేశాను.

ఇట్లు,
మీరు నేర్పిన విద్యకు తగని మీ కొడుకు
శశీంద్రన్