కారు నట్లు నా సంచిలో ఉన్నాయి

తమ్ముడూ, కారు తియ్యకు. తీద్దామన్నా కదలదు. ముందువైపు ఎడమ చక్రం నిన్ననే విప్పేశాను, నట్లు నా సంచిలో వేసుకుని పనికి పోతున్నాను. నీ మొండితనం నాకు తెలీదా!

నువ్వు మోజుపడి తెచ్చిన ఆ అల్లాయ్ చక్రాల్లో నట్టు కూర్చునే చోటు ఏటవాలుగా ఉంది. నువ్వు బిగించినవేమో పాత గుండ్రటి మొహం నట్లు. అవి అంచు మీదే ఆనుతున్నాయి, ఎంత బిగించినా వదులైపోతాయి.

చక్రం మధ్య రంధ్రం పెద్దదైందని వేసిన రింగు తప్పు మాత్రం నాదే. చక్రం తగిలించే హబ్బు మీద తుప్పు గీకకుండా కొలిచి లేతు మీద తీశాను. తుప్పు రాలాక అది లొడలొడలాడుతోంది. ఇన్నేళ్ళు లేతు పని చేసి ఇదా నా కొలత! ఇవాళ ఇంకోటి తీస్తాను గానీ ఆశ పెట్టుకోకు. బోల్టు రంధ్రాలు నువ్వు ఆకురాయితో అరగదీశాక ఆ చక్రాలు ఇక సరిగ్గా కూర్చోవు. పాతవి పాత ఇనుము వాడికి వేసేశావాయె.

పదింటికి అమ్మని డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకెళ్ళు. కిటికీ పక్కన కూర్చోబెట్టు.

ఇంకో మాట. కారెక్కితే చేతులు వణుకుతున్నాయని అమ్మ అన్నప్పుడల్లా "అది చక్రాల వణుకమ్మా, నీది కాదు" అని సర్దిచెప్పాం కదా. నిన్న చక్రం విప్పుతుంటే నాకు మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు నా చేతికొచ్చేసరికి సగమే ఉన్నాయి. నేను చక్రం వంకే చూస్తూ తాగేశాను. డాక్టరుకి నువ్వు చెప్పు.