శారోన్ మ్యూట్‌లో ఉంది

జూన్ 10, సోమవారం

హైబ్రిడ్ క్లాసు కనిపెట్టినవాడెవడో కనబడితే వాడికి నా నాలుగింటి బ్యాచ్ అప్పగించేస్తాను. గదిలో సగం మంది, లాప్‌టాప్‌లో సగం మంది. వీళ్ళకి వినపడేలా మాట్లాడితే వాళ్ళకి ఎకో. కింద గోడౌన్‌లో కొబ్బరికాయలు ఒలిచే చప్పుడు మాత్రం అందరికీ సమానమే. రాజోలులో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పుకుని బతకడమంటే ఇదే.

అయినా నా రూల్ నాదే. క్లాసులో తెలుగు వినపడకూడదు. గదిలో మాట్లాడితే నిలబెడతాను. ఆన్‌లైన్‌లో మాట్లాడితే మ్యూట్ చేస్తాను.

శారోన్ మళ్ళీ చేరింది. పోయినేడు ఇక్కడే ముందు బెంచీలో కూర్చునేది. ఇప్పుడు గల్ఫ్‌లో ఎవరింట్లోనో పనికి కుదిరింది. వాళ్ళమ్మ దీనమ్మ గారు వచ్చి చెప్పారు. ఆ ఇంటి యజమానురాలికి ఇంగ్లిష్ బాగా వచ్చట. శారోన్ ఫోన్లో తెలుగు మాట్లాడితే మాత్రం తన గురించే అని అనుమానమట, అందుకని ఇంటికి ఫోన్ చెయ్యనివ్వదట. పిల్ల ఆదివారాలు దొంగచాటుగా ఓ వాయిస్ మెసేజ్ పెడుతుందట. క్లాసయితే ఇంగ్లిషే కాబట్టి ఫరవాలేదట. ఆ యజమానురాలు కూడా పక్కన కూర్చుని వింటుందట. ఫ్రీగా ఇంకో స్టూడెంటు అన్నమాట.

జూన్ 13

కరెంటు లేదు. ఇన్వర్టర్ లేదు. ఓపికా లేదు.

జూన్ 19, బుధవారం

ఇవాళ డాక్టర్ దగ్గర రోల్ ప్లే. శారోన్ పేషెంటు. కెమెరా ఎప్పటిలాగే ఆఫ్. మైక్ ఆన్ చేసి, ఎక్కడ నొప్పి అని అడిగితే ఇంగ్లిష్ వదిలేసి గబగబా తెలుగులో మొదలుపెట్టింది. మేడమండీ, మా అమ్మకి ఒక్కమాట చెప్పండి, ఇక్కడండీ, అంటూండగానే మ్యూట్ నొక్కాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చెప్పాలన్నా ఇంగ్లిష్‌లోనే చెప్పమన్నాను.

క్లాసు అయ్యేదాకా ఆమె పేరు పక్కన ఎత్తిన చెయ్యి గుర్తు అలాగే ఉంది.

జూన్ 20

శారోన్ మైక్ పాడైందట. జవాబులన్నీ చాట్‌లో రాసింది. ఒక్క తప్పు లేదు. నిన్నటిదాకా తడబడే పిల్ల. నా పాఠం మహిమే అనుకున్నాను. అలా అనుకోవడం బాగానే ఉంది.

జూన్ 28, శుక్రవారం

దీనమ్మ గారు మళ్ళీ వచ్చారు. ఫోన్ నా చేతికిచ్చి చదివిపెట్టమన్నారు. వాయిస్ మెసేజ్‌లు రావడం మానేశాయట. మా పిల్ల నాక్కూడా ఇంగ్లీషులోనే రాస్తందండీ ఇప్పుడు, అని మురిసిపోయారు.

అయామ్ ఫైన్. డోంట్ వర్రీ. ఇంకోటి చదివాను. అయామ్ ఫైన్. డోంట్ వర్రీ. కిందికి జరుపుతూ పోయాను. అన్నీ అవే.

చదవడం రాని తల్లికి ఏ కూతురు ఇంగ్లిష్‌లో రాస్తుంది?

దీనమ్మ గారు అడిగారు, రోజూ క్లాసుకి వస్తందా అండీ అని. పిల్లని పంపిన ఏజెంటు పాపారావు ఆ మాటే చెబుతున్నాడట. రోజూ పాఠాలు వింటున్న పిల్లకి ఏం కష్టమండీ, కావాలంటే సత్యప్రియ మేడమ్‌నే అడగండి, అన్నాడట. అంటే నేను వేసే అటెండెన్సే వాడికి సాక్ష్యం. ఆయ్, వస్తోందండీ, అన్నాను. ఇంకేమనను? ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

పక్కన కూర్చున్న ఆ యజమానురాలికి అర్థం కాని భాష తెలుగొక్కటే. శారోన్ గోడు చెప్పుకోడానికి ఉన్న దారి అదొక్కటే. దాన్ని మ్యూట్ చేసింది నేను. భయంగా ఉంది. అంతకన్నా సిగ్గుగా ఉంది.

జులై 1

ఎంబసీకి మెయిల్ పెట్టాను. ఆధారం అడిగారు. పాపారావుకి ఫోన్ చేస్తే నవ్వాడు. లేనిపోనివి పెట్టుకోకండి మేడమ్, పిల్ల బంగారంలా ఉందండీ, అన్నాడు.

ఇవాళ క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా శారోన్ పేరు మాత్రం స్క్రీన్ మీద ఉండిపోయింది. నల్లటి చతురస్రం, తెల్లటి పేరు. దాన్ని చూస్తూ కూర్చున్నాను. నా కెమెరా ఆన్‌లోనే ఉందని చాలాసేపటికి గుర్తొచ్చింది. అప్పుడే చాట్‌లో ఓ వాక్యం వచ్చింది.

యు లుక్ టయర్డ్, మేడమ్.

లాప్‌టాప్ మూసేశాను. రెండు చేతులతో మూశాను.

జులై 3, బుధవారం

రికార్డింగ్ పెట్టాను. మైక్ ఆన్ చెయ్యనివాళ్ళకి ఇకనుంచి అటెండెన్స్ వెయ్యనని ఇంగ్లిష్‌లో చెప్పాను. కాసేపటికి శారోన్ మైక్ ఆన్ అయింది. ఏసీ హోరు. ఫోన్‌కి బాగా దగ్గరగా ఎవరిదో ఊపిరి.

పుస్తకం పట్టుకుని, పాఠం చదువుతున్న గొంతుతోనే, గట్టిగా తెలుగులో అన్నాను. అమ్మా శారోన్, నేను మేడమ్‌ని. వినపడుతుంటే ఒక్కసారి దగ్గు.

ఎక్కడో లోపల, తలుపు అవతల నుంచి, దగ్గు.

తర్వాత ఆ తలుపు అవతలే ఇంకెవరో దగ్గారు. ఆ తర్వాత ఇంకెవరో. అందరూ ఆడవాళ్ళే.