తెర మీద వాళ్ళిద్దరూ కలిసే చోటు

చిరంజీవి చిన్నోడికి,

పెద్దక్క ఆశీస్సులు. నేనూ మీ బావా ప్రాణాలతో ఉన్నాం, వేళకి తింటున్నాం. నువ్వూ మరదలూ పిల్లలూ చల్లగా ఉండాలని రెండు పూటలా ప్రార్థిస్తున్నాను. నా ఎడమ చేతికి కట్టు ఉంది. కంగారుపడకు, రాసే చెయ్యి బాగానే ఉంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మీ బావ దగ్గు తగ్గింది. కొత్త కుట్టుమిషను కొనలేదు, పాతదే నడుస్తోంది. మీ కాలేజీ పిల్లల పత్రిక కోసం నాటకాల తెరలు వేసే ఆ అన్నదమ్ముల్ని వెతికిపెట్టమన్నావు, దొరికారు. దొరక్కపోతేనే బాగుండేది.

నాటకశాలకి తెరల గుడ్డ కుట్టిచ్చేది నేనే కాబట్టి వాళ్ళ పని నాకు తెలుసు. గుడ్డ నేల మీద పరిచి అన్న ఎడమ అంచు నుంచి, తమ్ముడు కుడి అంచు నుంచి మొదలుపెట్టేవారు. తల ఎత్తకుండా వేసుకుంటూ వచ్చి నడిమిన కలిసేవారు. ఎక్కడ కలిశారో చెప్పమంటే గుడ్డ కుట్టిన నేనే చెప్పలేకపోయేదాన్ని. తర్వాత ఒక రోజు ఏదో మాట తేడా వచ్చి, అన్న నిచ్చెనెక్కి, వేలాడదీసిన తెరలో తమ్ముడి సగం మీద తెల్లరంగు కొట్టేశాడు. తమ్ముడు అన్నని నిచ్చెన మీంచి తోసేశాడు. అప్పుడు విరిగిన కాలు అన్న ఈనాటికీ ఈడుస్తాడు.

నాటకశాల వాచ్‌మన్ ఇద్దరి ఆచూకీ చెప్పాడు. అన్న వెల్డింగు షాపు వెనక ఒక్క గదిలో, షాపుల బోర్డులు రాసుకుంటూ ఉంటున్నాడు. పిల్లలు పంపిన ప్రశ్నలు చూసి మురిసిపోయాడు. తమ్ముడి ఊసెత్తగానే బ్రష్షు కింద పెట్టేశాడు. "వాడు కనపడితే గొంతు పిసికి గానీ వదలనమ్మా" అన్నాడు. తమ్ముడు ఒక ఫర్నిచర్ షాపులో బీరువాలకి రంగు కొడుతున్నాడు. "మా అన్న ఇంకా ఉన్నాడా? పోతే కబురు చెయ్యండి. ఏడవడానికి కాదు, ఖాయం చేసుకోడానికి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇలాంటి మాటలు నీ నోటా, మీ నడిపన్న నోటా ఎన్ని వినలేదు?

"ఇద్దరిలో ఒకరు దొరికినా చాలక్కా" అని రాశావు. నాకు చాలలేదు. ఒకరికి తెలియకుండా ఒకరిని మన ఇంటికి, ఒకే వేళకి రమ్మన్నాను. ఎదురెదురుగా కూర్చోబెట్టి టీ ఇస్తే ఎంతటి పగైనా సగం దిగుతుందని నా నమ్మకం. మిమ్మల్ని అలాగే పెంచాను.

అన్న ముందు వచ్చి కూర్చున్నాడు. తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది?" అన్నాడు. "కూర్చో నాయనా, పిల్లల కోసం" అన్నాను. కూర్చున్నాడు. నేను పిల్లల మొదటి ప్రశ్న చదివాను: మీ తెరల్లో మీరు వేసిన భాగం ఏది?

"అంతా నాదే. వీడు రంగులు కలిపేవాడు" అన్నాడు అన్న.

టీ గ్లాసు అన్న నుదుటి మీద పగిలింది. అన్న ఇస్త్రీపెట్టె ఎత్తి కొట్టాడు. తమ్ముడి దవడ విరిగిన చప్పుడు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. కింద పడ్డవాడు మిషను పక్కనున్న నా కత్తెర అందుకుని లేచాడు, గుడ్డ కోసే పెద్ద కత్తెర. నేను మధ్యకి వెళ్ళాను. అది నా అరచేతిలోంచి దిగి, ఆగకుండా అన్న ముఖంలోకి వెళ్ళింది. మీ బావ వెనకనుంచి తమ్ముణ్ణి పట్టుకుంటే, "వదలండి, రెండో కన్ను కూడా తీసేస్తా" అని అరిచాడు. పక్కింటివాళ్ళు వచ్చి విడదీసేసరికి గోడ మీద, మిషను మీద, పిల్లల ప్రశ్నల కాగితం మీద, అంతా నెత్తురు.

అన్నకి కుడి కన్ను పోయింది. తమ్ముడు దవడకి తీగలు కట్టించుకుని పోలీసుల కాపలాలో ఉన్నాడు. ఇద్దరినీ చూసి వచ్చాను. తమ్ముడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అన్న మాత్రం ఒక్కటే అడిగాడు. "వాడు వస్తాడని ముందే ఎందుకు చెప్పలేదమ్మా? చెప్పుంటే రాకపోయేవాణ్ణి. వచ్చినా ఆ మాట అనకపోయేవాణ్ణి." ఇంటికొచ్చి మోకరిల్లితే దేవుడు కూడా అదే అడిగినట్టనిపించింది.

కత్తెర సంగతి నిన్నూ నడిపోణ్ణీ పెంచిన నాకు తెలియాల్సింది. మీరు కొట్టుకునే రోజుల్లో కేక వినపడగానే ముందు కత్తెర దాచి, తర్వాత మీ దగ్గరికి వచ్చేదాన్ని. పరాయివాళ్ళు కదా అని ఆ రోజు మరిచాను.

పత్రికకి పంపడానికి నా దగ్గర "అంతా నాదే" అని అన్న చెప్పిన ఆ ఒక్క జవాబే ఉంది. అది వేయకు. అబద్ధం.

ఇక నీ ఆఖరి ప్రశ్న. కావాలనే చివరికి ఉంచాను. "నేను సెలవులకి వచ్చినప్పుడు నడిపన్న అక్కడ ఉండడు కదా?" అని అడిగావు. ఉంటాడు, చిన్నోడా. అదే రోజుకి వాణ్ణీ రమ్మన్నాను. నువ్వు వస్తున్నావని వాడికీ చెప్పలేదు. నాన్న పోయిన రోజున వాడు నీ ముందుపన్ను ఊడగొట్టడం, నువ్వు వాడి తల గోడకేసి బాదడం కళ్ళారా చూసి కూడా, టీ గ్లాసుల మీద నమ్మకం పెట్టుకున్నాను.

ఈ సంగతే వాడికీ ఈ టపాలోనే రాస్తున్నాను. వచ్చేదైతే తెలిసి రా. రాలేనంటే నేనేమీ అనుకోను, వేరే రోజు చెప్పు. ఇద్దరూ తెలిసే వస్తే మాత్రం గోడకి సున్నం వేయించి ఉంచుతాను. కత్తెర బీరువాలో ఉంటుంది, తాళంచెవి నా దగ్గర ఉంటుంది.

ఇట్లు,
మీ ఇద్దరి పెద్దక్క