ఎడమ సీట్లో మౌనవ్రతం

జూన్ 1, ఆదివారం

తీర్మానం చేసేశాను! రేపటి నుంచి రెండు వారాలు మా కారులో ఎడమ సీట్లో కూర్చుంటాను. నోరు విప్పను. ఒక్క మాట కూడా!

సంగతేమిటంటే, మా ఆవిడ తిలగవతికి పాలకోడులో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. అంటే పూర్తిగా రాలేదు. ల్యాబు నడిపే అముద డాక్టరమ్మ రెండు వారాలు చూసి చెప్తానంది. పొద్దున ఏడింటికల్లా తిలగ వెళ్లి తాళం తీయాలి. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన షుగరు మనుషులు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంటారట. ఆలస్యమైతే డాక్టరమ్మ వేరే అమ్మాయిని పెట్టుకుంటుంది. మా పేట నుంచి టౌను బస్సు పట్టుకుని, ధర్మపురి బస్టాండులో ఇంకో బస్సెక్కి పోతే ఏడున్నర అవుతుంది. కాబట్టి కారు.

తిలగకు లైసెన్సు ఎప్పుడో వచ్చింది. నేనే బండి ఇవ్వలేదు.

"రోజూ నేనే దించుతాను కదా" అన్నాను.

"రోజూ మీరు దించితే ఉద్యోగం నాదా, మీదా? రోడ్డు అలవాటయ్యేదాకా రెండు వారాలు పక్కన ఊరికే కూచోండి. మీరు మాట్లాడితే నాకు చేతులు ఆడవు. నోరు తెరవకూడదు, అంతే."

"నేనెప్పుడు మాట్లాడినాను?"

వంటింట్లో మా అమ్మ రంగమ్మాళ్ నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియదు.

మా కారు చిన్నది, చౌకది, తొమ్మిదేళ్లది. దానికి కొన్ని గుణాలున్నాయి. డ్రైవరు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి తీయాలి. పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే నిలబడి ఉంటుంది, నమ్మకూడదు. ఏసీ వేస్తే ఎత్తు ఎక్కదు. రెండో గేరు మామూలుగా పడదు. కొంచెం ఎడమకు లాగాలి, ఆగాలి, బుజ్జగించాలి, అప్పుడు కిందికి దించాలి. ఇది నాకు తప్ప ఎవరికీ చేతకాదు. మెకానిక్కుకు కూడా!

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తిలగకు ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, గలగలలాడే వెనక అద్దం సందులో దూర్చింది. చప్పుడు ఆగింది.

ఈ డైరీ మాత్రం తెలుగులో రాస్తున్నాను, మా తాత నేర్పిన అక్షరాలు. ఈ తమిళనాడులో ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే అయినా అమ్మకూ తిలగకూ చదవడం తమిళమే వచ్చు. ధైర్యంగా రాసుకోవచ్చు.

జూన్ 2, సోమవారం

విజయం! 6.05కు బయలుదేరాం. నోరు విప్పలేదు. బస్టాండు మలుపులో ఒకసారి "ఉస్స్" అన్నాను, అంతే.

"ఆ చప్పుడేమిటి?" అంది తిలగ.

"ఊపిరి."

"అది కూడా లోపలే పెట్టుకోండి."

రెండో గేరు మొదటిసారికే పడింది. కొత్తవాళ్ల అదృష్టం!

మొదటి స్పీడు బ్రేకరు దగ్గర, సీటు ముందున్న సామాన్ల అర దభాలున తెరుచుకుని నా మోకాళ్ల మీద పడింది. నొప్పి! తొమ్మిదేళ్లుగా బండి నాది, ఇలా పడుతుందని నాకు తెలియదు. తిలగ ఇటు చూడకుండానే, "మోకాలితో అదిమి పెట్టుకోండి. నేనెప్పుడూ అట్లే కూచుంటాను" అంది.

ఏడుకు పది నిమిషాల ముందే పాలకోడు. వెనక సీట్లో వచ్చిన మా అమ్మ మార్కెట్లో ఒక బుట్టెడు టమోటాలు కొంది. కోడలు బండి తోలుతుంటే ఇంట్లో కూర్చోవడం ఆమె వల్ల కాదట. తిలగను ల్యాబులో వదిలి, అమ్మను ఎక్కించుకుని బండి నేను తెచ్చుకున్నాను. సాయంత్రం తిలగ బస్సులో వస్తుంది.

జూన్ 3, మంగళవారం

ఎడమ సీటు గురించి ఇంకా తెలిసినవి:

ఏసీ నీళ్లు బొట్టు బొట్టుగా ఎడమ పాదం మీదే పడతాయి.

అద్దం దించబోతే పిడి చేతికి వచ్చేస్తుంది.

సీటు బెల్టు మెడను కోస్తుంది.

మూలిగాను. మూలుగు మాట కాదు. "సర్దుకోండి" అంది తిలగ. ఈ సీటు గురించి ఆమె ఏం చెప్పినా తొమ్మిదేళ్లుగా నేను అన్న మాట అదే. సరిగ్గా నా గొంతుతోనే అంది.

జూన్ 5, గురువారం

సైగ మాట కాదు కదా! చేత్తో చూపించాను. మెల్లగా. ఎడమకు. ఇంకా ఎడమకు. అదిగో గుంత.

"చేతులు కింద పెట్టండి. ట్రాఫిక్ పోలీసు మాదిరి ఏమిటది?"

చేతులు కట్టుకున్నాను. కుడి కాలు మాత్రం నా మాట వినడం లేదు, లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. కాలి కింది పట్టా చినిగింది. అది పాతది. ఎలాగూ చినిగేదే.

జూన్ 6, శుక్రవారం

కొత్త ఉపాయం! తీర్మానం తిలగతో మాట్లాడకూడదనే గానీ, మా అమ్మతో కాదు.

"అమ్మా, ముందర ట్రాక్టరు పోతాండాది, చూసినావా?"

"నాకేమిటికిరా చెప్తావు? నేనా తోలేది?"

"ఊరికే చెప్పినాను. అమ్మా, ఇంత మెల్లగా పోతూ మూడో గేరులో ఉంటే ఇంజను ఏడుస్తుంది."

"ఇంజను బాగానే ఉండాది. నీవే ఏడుస్తాండావు."

కన్నతల్లి! తిలగ పెదవి బిగబట్టి నవ్వుకుంది. బండి నడిపేటప్పుడు నవ్వకూడదని ఈ అత్తాకోడళ్లకు ఎవరు చెప్పాలి? నేను చెప్పకూడదు. వ్రతంలో ఉన్నాను.

జూన్ 9, సోమవారం

మేక అడ్డమొచ్చింది. "నిరుత్తు! నిరుత్తు!" అని అరిచాను.

తిలగ అదిరిపడి బ్రేకు తొక్కింది. అమ్మ కొంగులోని తమలపాకులన్నీ కింద పడ్డాయి. అప్పటికే మేక రోడ్డు దాటి కంచె దగ్గర మేస్తోంది.

నా వాదన ఇది. తీర్మానం చేసింది తెలుగులో. ఆపమని అరిచింది తమిళంలో. రెండింటికీ సంబంధం లేదు. తిలగ ఈ వాదన ఒప్పుకోలేదు. అమ్మ తమలపాకులు ఏరుకుంటూ ఏదో అంది, అది ఇక్కడ రాయను.

ఏడుకు రెండు నిమిషాలుండగా చేరాం. ఇది నా తప్పని ఆమె అంటోంది. మేకది అని నేనంటున్నాను.

జూన్ 10, మంగళవారం

అయిపోయింది.

పాలకోడుకు ముందున్న ఎత్తు. ముందు టమోటా పెట్టెలతో ట్రాక్టరు, పాకుతూ పోతోంది. తిలగ హారను కొట్టి, కుడి పక్క చూసుకుని దాటబోయింది. ఏసీ వేసి ఉంది! ఏసీతో మా బండి ఎత్తు ఎక్కదు! ఇంక నా వల్ల కాలేదు. "ఏసీ ఆపు! రెండో గేరు! లాగు, ఆగు, బుజ్జగించు!" అని అరిచాను. అరవడంతో ఆగినా బాగుండేది. హ్యాండ్ బ్రేకు లాగాను.

బండి రోడ్డు నడిమధ్య ఆగిపోయింది. ట్రాక్టరు పోయింది. వెనక వ్యానులు, బస్సు, అందరూ హారన్లే. తిలగకు చేతులు ఆడడం లేదు, తాళం తిప్పుతోంది, ఇంజను అందుకోవడం లేదు. అప్పుడు నేనన్న మాట: "చూసినావా? నేను చెప్పినాను కదా."

చేరేసరికి ఏడూ ఇరవై. మెట్ల మీద ఒక ముసలాయన పరగడుపున ఉండలేక తల తిరిగి పడిపోతే, ఎవరో టీ తాగించారు. ఇంక ఈ రోజుకు ఆయన పరీక్ష లేదు, రేపు మళ్లీ పస్తుండి రావాలి. అముద డాక్టరమ్మ వాకిట్లోనే అంది: "ఇంకొక్కసారి ఇట్లయితే రావద్దు తిలగా."

మా ఆయన బ్రేకు లాగినాడని తిలగ ఆమెతో అనలేదు. అప్పటికే బండి తాళాలు తీసుకున్న నా వైపు తిరిగి చెయ్యి చాచి, "తాళాలు ఇయ్యండి. అత్తను తీసుకొని బస్సులో పోండి. సాయంత్రం బండి నేనే తెస్తాను" అంది.

బస్సులో మా అమ్మ నా పక్కన కూర్చోలేదు. నేను డ్రైవరు వెనకే కూర్చున్నాను. ఆయనకు కూడా రెండో గేరు సరిగ్గా రాదు.

నా తప్పేమీ లేదు. హ్యాండ్ బ్రేకు నోరు కాదు.

లేదు, తప్పే. ఆమెకు చేతులు ఆడకపోవడం చూసి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు అప్పుడు చెప్పుకోలేక ఆ మాట అన్నాను.

జూన్ 11, బుధవారం

ఒక్కతే పోయింది. నన్ను లేపలేదు. లేచే ఉన్నాను, అది వేరే సంగతి.

ఫోను చేతిలోనే పెట్టుకున్నాను. తలుపు తెరుచుకోకపోతే అడుగుతుంది. గేరు పడకపోతే అడుగుతుంది. పెట్రోలు ముల్లు చూసి మోసపోతే తప్పక అడుగుతుంది. ఆరున్నర, లేదు. ఏడు, లేదు. నేనే చేశాను.

"సూది గుచ్చుతాండాను, పెట్టేయండి" అంది. పెట్టేసింది.

సాయంత్రం వచ్చింది. బండికి ఒక గీత కూడా లేదు. నాలుగు వైపులా చూశాను.

"రెండో గేరు ఎట్ల పడింది?"

"ఎట్ల పడేదేమిటి? పడింది."

"లాగి, ఆగి..."

"అదంతా ఏమిటికి? క్లచ్ అడుగుదాకా తొక్కితే పడుతుంది. మీరు సగమే తొక్కుతారు."

అన్నానికి ముందు ఏదో పని ఉన్నట్టు బండి దగ్గరికి పోయాను. ఇంజను వేసి, క్లచ్ అడుగుదాకా తొక్కాను. గేరు వెన్నలా పడింది. మళ్లీ తొక్కాను, మళ్లీ పడింది. ఇన్నేళ్లూ నేను పడిన గర్వమంతా అరక్లచ్ గర్వం! నా పెయింటు దుకాణానికి వచ్చినవాళ్లకు కూడా ఈ గేరు కథ చెప్పాను.

తలుపు తీసి దిగుదామని అద్దం దించాను. అవసరం లేదు. లోపలి పిడితోనే తెరుచుకుంది. దారిలో బాగు చేయించిందట. గంట కూడా పట్టలేదట.

జూన్ 14, శనివారం

తిలగ ఉద్యోగం ఖాయం! డాక్టరమ్మ ఈ రోజు చెప్పేసింది. అమ్మ పాయసం చేసింది. నాకు సంతోషంగా ఉంది. ఒళ్లు మండుతూ కూడా ఉంది. రెండూ నిజమే.

రేపు బొమ్మిడిలో తిలగ చెల్లెలు శివరంజని బిడ్డకు చెవులు కుట్టిస్తున్నారు. బండి తోలేది తిలగే.

"నేను వెనక కూచుంటానులే" అన్నాను, కొంచెం జాలిగా.

"ముందరే కూచోండి. మాట్లాడొచ్చు కూడా."

"నిజమా?"

"బండి గురించి వద్దు, రోడ్డు గురించి వద్దు. ఇంకేమైనా మాట్లాడండి."

ఎంత సులభం! ఇంకేమైనా అంటే బోలెడున్నాయి, ఒక జాబితా రాసుకుందామని కూర్చున్నాను. ఒక్కటీ తోచలేదు. ఆ కారులో ఇన్నేళ్లు ఆమెతో నేనన్న మాటలన్నీ గుర్తుకు తెచ్చుకున్నాను. తలుపు మెల్లగా వేయి. అద్దం ముట్టుకోవద్దు. సర్దుకో. ఇవే.

ఆ ల్యాబులో ఆమె రోజంతా ఏం చేస్తుంది? తీసిన రక్తం ఏమవుతుంది? టీ తాగిన ఆ ముసలాయన మర్నాడు వచ్చాడా? వారం పైగా ఆ మెట్ల దాకా పోయి వచ్చాను గానీ ఒక్కటీ అడగలేదు. ఎన్ని గంటలకు చేరాం, ఎన్నో గేరులో చేరాం, ఇదే నా లోకం. ఇది రాస్తుంటే నిజంగానే బాధగా ఉంది.

తీర్మానం! రేపటి నుంచి బండి మాట ఎత్తను. ల్యాబు సంగతి అడుగుతాను. ఆమె చెప్పేదంతా అడ్డురాకుండా వింటాను.

బొమ్మిడి దారిలో నల్లంపల్లి దాటాక మొదలుపెడతాను. అంతవరకు హైవేలో లారీలు ఎక్కువ, ఆమె పక్క అద్దం సరిగ్గా చూసుకోదు, అక్కడ నేను కొంచెం కనిపెట్టుకుని ఉండకపోతే...

ఛీ! మా ఇంటి గేటు దగ్గరే అడుగుతాను.